ఫౌజుతోపాటు ఇంటికి రావాల్సినవాళ్లు

జనగామ, బుధవారం రాత్రి

ఈరోజు తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలో కూర్చున్నాను. మైకు ఇస్తే మాట్లాడాను. ఇరాక్ యుద్ధమూ ఆగాలని, అమెరికా సైన్యం వెళ్లిపోవాలని, అక్కడి వర్గాలన్నీ కూర్చొని మాట్లాడుకోవాలని చెప్పాను.

"మన రాష్ట్రం రాకముందే ఇరాక్ పంచాయితీ తెంపుతున్నవా, కాన్వెంటు చెల్లె?" అని వెనక నుంచి ఒక అన్న నవ్వాడు.

నర్మెట్ట దగ్గరి తండా నుంచి వచ్చిన చాందమ్మ నవ్వలేదు. ఆమె కొడుకు ఇరాక్‌లో అమెరికా సైనిక శిబిరంలో వంటవాడు. అతని పాస్‌పోర్టు, అక్కడికి పంపిన ఏజెంటు దగ్గరే ఉందట.

"ఫౌజు పోతే మా వోడు గూడ ఇంటికొస్తడా బిడ్డా?"

యుద్ధం ఆగాలన్న మాట మీద ఇప్పటికీ నమ్మకముంది. కానీ వంటవాళ్ల సంగతి నాకు తట్టనేలేదు. తెలియదనలేక, వస్తాడన్నట్టు తలూపాను.

సాయంత్రం దీక్ష విరమించేటప్పుడు ఆమే ముందుకొచ్చి, కొడుకు వస్తాడన్న సంతోషంతో నాకు నిమ్మరసం తాగించింది. వద్దనలేకపోయాను.