షిమోన్ ఇంటిపేరు, ఇమ్రె అసలు పేరు

బాలీరోన్, ఎన్నిస్ దగ్గర
ఆదివారం

నా అన్నవాళ్లు లేని శవాలను పూడ్పించే ఆఫీసరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: శుక్రవారం తాము పూడ్చబోవు మనిషి పేరు తిరగబడి ఉన్నది, సరిచేయు వరకు పూడ్చరాదు అని మనవి.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా, ఎనిమిదేళ్లుగా నా కడుపులో ఉన్న మంట ముందు చెప్పి, తరవాత శవం సంగతికి వస్తాను. రెండూ ఒకటే సంగతి.

1. నా పేరు తాడిబోయిన పురుషోత్తం. తాడిబోయిన మా ఇంటిపేరు. మాలో ఇల్లు ముందు, మనిషి తరవాత. మీ దేశంలో దిగిన నాడు కాగితం మీద అలాగే రాయించాను. అది మొదలు డాక్టరు దగ్గర పిల్ల బయటికి వచ్చి "తాడీ!" అని కేక వేస్తుంది. తాడి అంటే తాటిచెట్టు. చచ్చిన మా తాత ముత్తాతలందరినీ వరండాలోకి పిలిచినట్టు ఉంటుంది నాకు. సరిచేయమని ఎన్ని కౌంటర్లు ఎక్కినా "యూ ఆర్ గ్రాండ్, తాడీ" అన్నారు, అంతా బాగానే ఉంది పొమ్మని. నేను గ్రాండు కాదు. అయినా బతికున్నాను కాబట్టి తిరిగి అరవగలను. సదరు చనిపోయిన ఆయన అరవలేడు.

2. సదరు ఆయన మా వీధి చివరి గదిలో అద్దెకుండేవాడు. హంగరీ దేశస్థుడు. మాంసం ఫ్యాక్టరీలో చేసి రిటైరు అయ్యాడు. పోయిన నెల నిద్రలోనే పోయాడు. ఊరంతా ఆయన్ని సైమన్ అనేది. వంతెన దగ్గర బెంచీ మీద మొదటి రోజే నేను అడిగాను, "మీదే ఊరు? మీ ఇంటిపేరేమిటి?" అని. మేము ఎవరినైనా మొదట అడిగేది అదే. ఆయన నన్ను ఎగాదిగా చూసి పగలబడి నవ్వాడు.

"షిమోన్! షిమోనే ఇంటిపేరయ్యా! ఇమ్రె నా పేరు. మా దేశంలో ఇల్లే ముందు. ఇన్నేళ్లకు నువ్వొక్కడివి అడిగావు."

"అయితే మనం ఒక రకం వాళ్లమే," అన్నాను.

తమ కాగితంలో ఇమ్రె ఇంటిపేరుగా, షిమోన్ కాస్తా సైమన్ అయి మనిషి పేరుగా ఉన్నది. పాస్‌పోర్టు దొరకలేదట. ఆ పేరుతో వాళ్ల ఎంబసీకి రాశారు. అటువంటి మనిషి మాకు లేడు అని జవాబు వచ్చింది. ఎందుకు ఉంటాడు? లేని మనిషి గురించి అడిగితే లేడనే చెబుతారు.

3. మంగళవారం తమ కౌంటరుకు వచ్చి ఈ మాటే చెప్పాను. అక్కడి అమ్మాయి, "మీరు ఆయనకు ఏమవుతారు?" అంది. బెంచీ మీద పక్కన కూర్చునేవాణ్ణి అన్నాను. "అది బంధుత్వం కాదు. ఏదైనా ఉంటే రాసి ఇవ్వండి, తాడీ," అంది. రాస్తున్నాను. నాకు వచ్చిన రాత ఈ తెలుగు ఒక్కటే, అదీ మూడో తరగతి దాకా. మా అమ్మాయి శ్రీలేఖ ఇంగ్లీషులోకి మారుస్తుంది. "నాన్నా, కొంచెం మెత్తగా రాద్దాం, ఆఫీసు వాళ్లు కదా," అంటున్నది. మెత్తగా రాస్తే శుక్రవారం వస్తుంది అన్నాను.

4. ఆయనకు ఊరు తెలియదు అని తాము రాసుకున్నారు. మా భాషలో ఊరూ పేరూ లేనివాడు అంటే తిట్టు. ఆయన ఊరు నాదష్‌కూత్. నా నోటికి వచ్చినట్టు రాశాను. రెల్లుబావి అని అర్థమట. ఆ ఊరి సంగతి మొదటి నుంచి ఇవాళ్టి దాకా నాకు తెలుసు. నా ఇంగ్లీషూ ఆయన ఇంగ్లీషూ సమానంగా చెడ్డవి కాబట్టి మాకు బాగా అర్థమయ్యేది. బెంచీ మీద గులకరాళ్లు పేర్చి చెప్పేవాడు, ఒక్కో రాయి ఒక్కో జాతి.

ఇనుము పుట్టక ముందే అక్కడ మనుషులున్నారు. బావి తవ్వితే మట్టికుండ బయటపడింది, చేసినవాడి బొటనవేలి గుర్తు దాని మీద ఉన్నది. తరవాత రోము వాళ్లు రోడ్డు వేశారు. వాళ్లు పోయాక గుర్రాల మీద ఈయన భాష వాళ్లు వచ్చి గుడి కట్టుకున్నారు. తాతారులు వచ్చి గుడితో సహా తగలబెట్టారు. మళ్లీ కట్టి గంట పెట్టుకున్నారు. తురకలు దండెత్తి వస్తున్నారంటే ఆ గంటను రెల్లు బురదలో ముంచి పారిపోయారు. వందేళ్లు పైగా ఊళ్లో పొగ లేవలేదు. అటు పిమ్మట రాజు జర్మనీ వాళ్లను పడవల్లో తెచ్చి దింపాడు. రెల్లు కోస్తుంటే వాళ్ల కొడవలికి గంట తగిలింది.

"మీ ఊరిని ఎన్నిసార్లు తగలబెట్టారు?" అని ఒకరోజు నన్ను అడిగాడు.

"ఒక్కసారి. దీపావళి టపాకాయ పడి గడ్డివాము."

"పోవయ్యా! మీది ఇంకా పాలు తాగే ఊరు," అన్నాడు.

మొదటి యుద్ధంలో ఆ గంటను ఫిరంగులు పోయడానికి ఎత్తుకుపోయారు. ఊరివాళ్లు పందులు అమ్మి కొత్త గంట పోయించుకున్నారు. రెండో యుద్ధం అయ్యాక జర్మనీ వాళ్లను తలా ఒక మూటతో రైలెక్కించారు. అవతలి దేశం నుంచి తరిమిన ఈయన భాష వాళ్లను తెచ్చి ఆ ఇళ్లలో పెట్టారు. ఈయన అమ్మా నాన్నా అలా వచ్చినవాళ్లే. లోపలికి అడుగుపెడితే పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉందట. వాళ్లమ్మ మూడు రోజులు ఆ పొయ్యి మీద వండలేదు.

"అంటే మీరు కూడా ఆ ఊరివాళ్లు కాదన్నమాట," అన్నాను నేను, ఎగతాళికి.

ఆయన నవ్వలేదు. గులకరాళ్లన్నీ ఒక్క చేత్తో పోగుచేశాడు. "ఆ ఊరివాళ్లు ఎవరూ లేరు, పురుషోత్తం. గంట ఎవడి చావుకు మోగితే వాడు ఆ ఊరివాడు," అన్నాడు.

నా పేరు పూర్తిగా పలికే మనిషి మా ఇంట్లో వాళ్లు కాక ఈ దేశంలో ఆయన ఒక్కడే.

5. ఇక ఇవాళ్టి సంగతి. పొలాలన్నీ సర్కారు కలిపేసుకొని మళ్లీ పంచింది. బడి మూసేశారు. వయసు వాళ్లు ఫ్యాక్టరీల కోసం దేశాలు పట్టిపోయారు, ఈయన ముసలితనం మొదలయ్యాక ఇక్కడికి వచ్చాడు. గంట మాత్రం ఉన్నది. ఊరివాడు ఎక్కడ పోయినా దాన్ని మోగిస్తారు. మగవాడికి ఒక తీరు, ఆడమనిషికి ఒక తీరు. వినగానే జనం గడపల్లోకి వచ్చి "ఎవరు?" అని అడుగుతారు. మోగించే మనుషులు కూడా మిగలలేదు కాబట్టి ఇప్పుడు ఆ తాడు లాగేది ఈయన చెల్లెలు. పేరు షిమోన్ ఇలొన. పెళ్లి చేసుకోలేదు, ఇంటిపేరు మారలేదు. ప్రతి ఆదివారం అన్నకు ఫోను చేసేది. ఆ ఫోను ఇప్పుడు మీ పోలీసు గార్డుల దగ్గర బీరువాలో ఉన్నదట. ఇవాళ ఆదివారం. ఇది నేను రాసే వేళకు ఆమె మళ్లీ చేస్తూ ఉంటుంది.

ఊళ్లో ఎవరు పోయినా గంట కొట్టే మనిషికి సొంత అన్న పోయిన కబురు లేదు. అయ్యా, తాము అన్నం తినే మనిషే అయితే ఈ ఒక్క వాక్యం రెండోసారి చదవండి.

6. కావున తమరు చేయవలసినది చిన్న పని. పేరు తిప్పి, ఊరు చేర్చి, అదే ఎంబసీకి మళ్లీ రాయవలెను. జవాబు వచ్చేదాకా గొయ్యి తవ్వించరాదు. ఇలొన ఆయన్ని తీసుకుపోతానంటే పంపవలెను. ఇక్కడే ఉంచమంటే ఉంచండి, అయితే ఆమె తాడు లాగిన తరవాతే మట్టి వేయవలెను. సైమన్ అనే పలక పెట్టి పూడిస్తే, తాము పూడ్చింది ఎవరినీ కాదు. మా షిమోన్ ఇమ్రె బయటే ఉండిపోతాడు.

ఈ అర్జీ చిత్తగించవలెను. చిత్తం లేకపోతే కనీసం ఇలొన చేసే ఆ ఫోను ఎత్తవలెను. బుధవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా జవాబు రావలెను. రాకపోతే గురువారం తలుపు తీసేసరికి నేను మెట్ల మీద కూర్చుని ఉంటాను. గార్డులను పిలిస్తే పిలవండి, ఆ ఫోను కూడా వాళ్లనే పట్టుకురమ్మనండి.

తమ విధేయుడు, ఈ ఒక్క విషయంలో తప్ప,
తాడిబోయిన పురుషోత్తం

తా.క. జవాబు కవరు మీద తాడి అని రాసినా ఈసారికి తీసుకుంటాను. నాది తరవాత చూసుకుందాం. ఆయనది మాత్రం తిప్పండి. బుధవారం.