మునిగిన ఊరికి హారన్

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. మన పాత వ్యాను తీసుకోని సోమశిలకి వచ్చినాను. వెనకాల నువ్వు బిగించిన మంచం, గ్యాస్ పొయ్యి అట్నే ఉండాయి. రెండు దినాలుగా నీళ్ళ పక్కనే కాపురం. పొద్దున ఉదయగిరి దాకా చిన్న రోడ్ల మీదనే పోయినాను. దుర్గం కొండ కనపడినచోటల్లా నువ్వు బండి ఆపి టీ పెట్టేవాడివి. నేను ఆపలేదు. దిగాలంటేనే విసుగ్గా ఉండాది.

సాయంత్రానికి మన ఊరి పాత రోడ్డు నీళ్ళలోకి దిగిపోయే చోటికి చేరినాను. డ్యాములో మునిగిన ఊరికి మనం వచ్చినామని చెప్పేదానికి అక్కడ ఒక హారన్ కొట్టేవాడివి గదా. నేనూ కొట్టినాను.

ఎప్పుడూ మనకి చేపలమ్మే ముసలాయన వల సర్దుకుంటా తలెత్తినాడు.

"మీ అన్న రాలేదా?"

చెప్పే ఓపిక లేదు. "లోపల పడుకోనుండాడు" అన్నాను.

ఇద్దరికి సరిపోయే చేపలు గిన్నెలో వేసినాడు. వ్యాను వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇంక హారన్ కొట్టబాక. పడుకోనీ."

మళ్ళీ కొట్టలేదన్నా. పులుసు మాత్రం ఇద్దరికీ పెట్టినాను.