ఎర్ర పోగులు కట్టిన దారి

సిరిసిల్ల
3-11-1988

బామ్మర్ది గోవర్ధన్‌కు బావ దశరథం ఆశీస్సులతో రాసేది. ఇక్కడ మేమూ మా మగ్గమూ క్షేమం. అక్కడ నువ్వూ, దేవమ్మా, మీ బట్టల దుకాణమూ క్షేమమని తలుస్తాను.

అసలు సంగతికి వస్తాను. కరీంనగర్‌లో కళ్ల డాక్టరుకు చూపించుకున్నాను. కంటి నరం ఎండిపోతున్నదట, ఆపరేషన్‌కు లొంగేది కాదట. ఎండాకాలం దాకా చూపు ఉంటుందని, ఆ తర్వాత తన చేతిలో లేదని చెప్పాడు. ఇప్పటికే మగ్గం మీద తెగిన పోగు కనపడక చేత్తో తడుముకుంటున్నాను.

చూపు పోయేలోపు నాకు కాశీ వద్దు, తిరుపతి వద్దు. ముప్పై ఏళ్ల కింద మనిద్దరం చీరెల మూటలు కట్టుకుని ఇక్కడి నుంచి కోరుట్ల దాకా అడవి బాటన సైకిళ్లు తొక్కేవాళ్లం. ఆ మోదుగులు, ఆ రాళ్ల బీడు, టేకు చెట్ల కింది చల్లదనం ఒక్కసారి నీతో కలిసి చూడాలని ఉంది. బస్సులో పోతే కనపడేది పక్కవాళ్ల చంకలే.

మన పాత పద్ధతి గుర్తుందా? ముందు పోయేవాడు దారి చీలిన చోటల్లా చెట్టుకు ఒక ఎర్ర పోగు కట్టిపోతే, వెనక వచ్చేవాడు దాన్ని చూసుకుంటూ వచ్చేవాడు. నువ్వు కోరుట్ల వైపు నుంచి సగం దారిలోని గుట్ట దాకా పోగులు కట్టి ఉంచు. కథలాపూర్ దాటాక పెద్ద మోదుగు దగ్గర ఎడమకు తిరగాలి. రాళ్ల బీడు దాటి వాగు దగ్గర కుడికి. ఆపైన టేకు అడవి. చీరె అంచులకు పోగా మిగిలిన ఎర్ర నూలు పార్శిల్ చేస్తున్నాను.

నీ బావ
దశరథం

తా.క.: ఇది మీ అక్కకు తెలియకూడదు. తెలిస్తే సైకిల్‌కు తాళం వేసి చెవి కొంగున కట్టుకుంటుంది. ఇప్పుడామె పక్కింటి మల్లవ్వతో మాట్లాడుతున్నది కనుక, ఇంకో రెండు ఉత్తరాలు రాసేంత తీరిక ఉంది నాకు.

కోరుట్ల
11-11-1988

బావకు గోవర్ధన్ నమస్కారాలు.

నీ ఉత్తరం దుకాణంలో చదివి గిరాకీ ముందే ఏడ్చాను. ధర తగ్గించలేక ఏడుస్తున్నాననుకుని ఆమె బేరమాడకుండా చీరె తీసుకుపోయింది. నువ్వు అడగడమూ, నేను కాదనడమూనా? సైకిల్‌కు కొత్త టైర్లు వేయించాను. నాకు యాభై దాటినా, తొక్కడం మొదలుపెట్టాక మోకాళ్లకే ఆ సంగతి తెలిసింది, మనసుకు తెలియలేదు.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ దారి నాకు గుర్తు లేదు. ఆ రోజుల్లో నువ్వు ముందు, నేను వెనక. నేను చూసిందంతా నీ వీపు, దాని మీద చెమట. అందుకని నీ ఉత్తరం జేబులో పెట్టుకునే పోయాను. మోదుగు దగ్గర ఎడమకు తిరిగితే బాట తిన్నగా బర్రెల మడుగులోకి పోయింది. బర్రెలు మర్యాదగా జరిగి చోటిచ్చాయి. వాగు దగ్గర కుడికి తిరిగితే తుమ్మ ముళ్లు గుచ్చుకుని రెండు ట్యూబులూ పోయాయి. నువ్వు రాశావు కదా అని అక్కడ కూడా ఒక పోగు కట్టి, సైకిల్ భుజాన వేసుకుని వచ్చాను.

నీ బామ్మర్ది
గోవర్ధన్

తా.క.: అక్కకు ప్రాణం పోయినా చెప్పను. ఈ రోజుల్లో లోకమంతా అడవిలో అన్నలకు, రోడ్డు మీద పోలీసులకు భయపడుతున్నది. మా ఇంట్లో మాత్రం చిన్నప్పటి నుంచీ అక్క నోటికే భయం.

సిరిసిల్ల
17-11-1988

బామ్మర్దికి బావ రాసేది.

మోదుగు దగ్గర ఎడమకే. ఆ దారి నాకు కంఠతా వచ్చు. బర్రెలు ఎటు పోతే అటు పోయి తప్పు నా మీద వేయకు. మళ్లీ పో, ఈసారి కళ్లు తెరుచుకుని పో. నీకింకా కళ్లున్నాయి.

ఇంకొక మాట. మీ అక్క నోటి గురించి రాశావు. కడుపులో ఏదీ దాచుకోని మనిషి అట్లాగే మాట్లాడుతుంది. ముప్పై ఏళ్లుగా ఆమె నూలు కండెలకు చుట్టి ఇవ్వకపోతే నేను ఒక్క గజం బట్ట కూడా నేసేవాణ్ణి కాదు. పెద్దవాడివయ్యావు, కొంచెం చూసుకుని రాయి.

నీ బావ
దశరథం

తా.క.: ఆమె చేసే సర్వపిండి ఎన్నిసార్లు తిన్నా, బాగుందని నువ్వు ఒక్కనాడూ అనలేదు. ఎందుకో ఈ మధ్య గుర్తొచ్చింది.

కోరుట్ల
28-11-1988

బావకు, ఇంకా బతికే ఉన్న గోవర్ధన్ నమస్కారాలు.

మళ్లీ పోయి, ఈసారి బర్రెలు కాసేవాళ్లను అడుగుతూ టేకు అడవి దాకా పోగులు కట్టాను. తిరిగి వస్తూ మోదుగుకు ఇంకో పోగు కడుతుండగా వెనక నుంచి పోలీసులు వచ్చారు. జమేదారు ఆ పోగును వేలితో మీటి చూశాడు.

"ఎవల కోసం కడ్తున్నవ్ గివి?"

"మా బావ కోసం సార్."

"పేరేంది?"

"దశరథం."

"గది ఇంట్ల పెట్టిన పేరు. దళంల ఏం పేరు?"

"దళంల లేడు సార్. మగ్గం మీదుంటడు. కండ్లు సక్కగ కనవడయి."

"కండ్లు కనవడనోనికి దారి గుర్తులెందుకు?"

అన్నీ విప్పేయమన్నాడు. విప్పుకుంటూ టేకు అడవి దాకా పోయేసరికి చెట్ల మధ్య నుంచి తుపాకులతో ఇద్దరు పడుచువాళ్లు వచ్చారు.

"ఎందుకు విప్పుతున్నవే వాటిని?"

"పోలీసోళ్లు విప్పమన్నరు."

"పోలీసోళ్లు చెప్తె ఇనుడేంది? మళ్ల కట్టు."

కట్టాను. మరునాడు జమేదారు విప్పించాడు. ఆ మరునాడు వీళ్లు కట్టించారు. దుకాణం పెట్టకముందు మగ్గం మీద కూచున్నన్నాళ్లు కూడా నేను ఇన్ని ముడులు వేయలేదు. నవ్వుతూ రాస్తున్నాను గాని బావా, ఇంటికి వచ్చినాక రెండు రోజులు దుకాణం తెరవలేదు. దేవమ్మ అన్నం కలిపి పెట్టింది.

నీ బామ్మర్ది
గోవర్ధన్

తా.క.: నేను రోజూ కట్టడమూ విప్పడమూ చూసి, పక్క పల్లె సమ్మవ్వ "ఏ దేవతకు కొడుకా గీ మొక్కు?" అని అడిగింది. ఇటు జమేదారు వింటున్నాడు, అటు అడవి వింటున్నది. నోటికొచ్చినట్టు "దారి మైసమ్మకు" అన్నాను.

సిరిసిల్ల
3-12-1988

గోవర్ధన్,

ఇక చాలు. ఆపేయి. సైకిల్ మీద పోయిన మనిషి ఇంటికి తిరిగిరాని ఊళ్లు ఈ కాలంలో ఎన్ని ఉన్నాయో నీకూ తెలుసు. నీకేమైనా అయితే ఆ పాపం ఏ దేవుడికి మొక్కినా పోదు. చూపు ఉన్నన్ని రోజులు ఇంటి ముందు వేపచెట్టును చూసుకుంటే సరిపోతుంది. ఈ మాట రాస్తుంటే దుఃఖం ఆగడం లేదు, అయినా రాస్తున్నాను.

మిగిలిన నూలు పొయ్యిలో వేయి.

దశరథం

తా.క.: దేవమ్మతో దిష్టి తీయించుకో. రెండుసార్లు తీయమను. ఒకటి పోలీసులది, ఒకటి అన్నలది.

కోరుట్ల
15-12-1988

బావకు గోవర్ధన్ నమస్కారాలు.

ఆపేద్దామనే అనుకున్నాను. కానీ ఇప్పుడు ఆపడం నా చేతిలో లేదు. సమ్మవ్వ తన ఊళ్లో చెప్పింది, ఆ ఊరు నాలుగు ఊళ్లకు చెప్పింది. మోదుగు నుంచి టేకు అడవి దాకా చెట్టు చెట్టుకూ ఎర్ర పోగే. పసుపు రాస్తున్నారు, కొబ్బరికాయలు కొడుతున్నారు. జమేదారు విప్పబోతే సమ్మవ్వ ముందు నిలబడి, "ముట్టు బిడ్డా, ముట్టి సూడు. ఆనెంక మా పూచీ లేదు" అన్నదట. అతను చేయి వెనక్కు తీసుకున్నాడు. పోయే ముందు బదిలీ కావాలని తానూ ఒక పోగు కట్టిపోయాడు.

టేకు అడవి మొదట్లో మూడు పోగులు ఒకే ముడిగా కట్టి ఉన్నాయి. అవి ఎవరివని సమ్మవ్వను అడిగాను. అన్నలు వాళ్ల వాళ్ల తల్లుల పేరున కట్టిపోయారని మెల్లగా చెప్పింది.

ఇప్పుడు మన వైపు అంత భద్రమైన బాట ఇంకొకటి లేదు. చిక్కల్లా ఒకటే. అన్ని చెట్లకూ పోగులున్నాయి కనుక ఏది దారో దారి మైసమ్మకే తెలియాలి. అందుకని ఈ నెల ఇరవై ఐదున, ఆదివారం నాడు, సైకిల్ బస్సు మీద వేసుకుని నేనే సిరిసిల్ల వస్తున్నాను. పాత రోజుల్లో లాగే నువ్వు ముందు తొక్కు, నేను వెనక వస్తాను. నువ్వు వద్దన్నా వస్తాను.

నీ బామ్మర్ది
గోవర్ధన్

తా.క.: వేములవాడలో మొక్కు ఉన్నదని అక్కకు చెప్పు. ముఖం చూస్తే అబద్ధం పట్టేస్తుంది, పొయ్యి వైపు తిరిగినప్పుడు చెప్పు.

సిరిసిల్ల
20-12-1988

తమ్ముడు గోవర్ధన్‌కు అక్క వజ్రమ్మ దీవెనలు.

నువ్వు బస్సెక్కే ముందు నీకొక సంగతి తెలియాలి. సిరిసిల్ల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ నేను రాసినవే. నీ జవాబులు కూడా పోస్టుమ్యాన్ చేతి నుంచి నేనే తీసుకున్నాను, మీ బావకు ఒక్కదాని సంగతీ తెలియదు. చిన్నప్పటి ఐదో తరగతి చదువు ఇన్నాళ్లకు పనికొచ్చింది. ఆయన రాసినట్టే ఉండాలని నన్ను నేనే అక్కడక్కడా ఆడిపోసుకున్నాను. నా నోటి గురించి నువ్వు రాసినవి మాత్రం ఎవరూ అడగకుండానే రాశావు. వాటి సంగతి ఆదివారం ఎదురుగా మాట్లాడుకుందాం.

డాక్టరు చెప్పింది మాత్రం నిజమే. అది విన్నా మీ బావ నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడగడు. కానీ ముప్పై ఏళ్లుగా నేను కండెలు చుడుతుంటే, ఆయన మగ్గం మీద కూచుని ఆ దారే చెప్పేవాడు. ఎక్కడ నెమళ్లు అడ్డం వస్తాయో, ఎక్కడ మూట దించి నీళ్లు తాగేవాళ్లో, నువ్వు ఎక్కడెక్కడ పడ్డావో, అన్నీ చెప్పేవాడు. ఎప్పుడు చెప్పినా ఇక్కడి నుంచి కోరుట్ల పోయేదే, తిరిగి వచ్చేది ఎన్నడూ చెప్పలేదు. నీకు రాసేటప్పుడు ఊళ్ల వరుస తిరగేశాను గాని కుడి ఎడమలు తిరగేయడం మరిచాను. బర్రెల మడుగు నా తప్పే. ట్యూబులు కూడా.

డాక్టరు మాట విన్నరోజు నుంచి ఆయన ఆ దారి చెప్పడం మానేశాడు. ఇప్పుడు ఇంట్లో మగ్గం చప్పుడే ఉంది. అది నేను ఓర్చుకోలేకపోయాను, అందుకే నీకు రాశాను. నిన్న కదిపి చూస్తే, "నీ తమ్ముడు గా దారి ఎన్నడో మర్చిండు. నేనొక్కన్ని పోయి ఏం జేత్త?" అన్నాడు. కాబట్టి నువ్వు వచ్చి, ఇది నీకే తోచినట్టు అడుగు. ఉత్తరాల మాట ఎత్తకు. నేను జాలిపడ్డానని తెలిస్తే ఆయన గడప దాటడు.

అక్క
వజ్రమ్మ

తా.క.: నీ సైకిల్ కారియర్‌కు ఒక దిండు కట్టుకుని రా, నేనూ వస్తున్నాను. ముప్పై ఏళ్లు విన్నాను గాని ఆ దారిలో ఒక్క చెట్టును కూడా నేను చూడలేదు. రేపు ఆయనకు చూపు పోయినాక, మగ్గం పక్కన కూచుని ఆ దారి చెప్పాల్సింది నేనే. చూడకుండా ఎట్లా చెప్పను?