బొగ్గుబాయి పాట

రాజన్నా,

నేను శీనును. నువ్వు పోయి పదమూడు నెలలైంది. ఇక్కడ గల్ఫ్‌లో, రైసూత్ పోర్టు మీద మళ్లీ వానాకాలపు మంచు దిగింది.

ఇన్నాళ్లూ కొండ రూటు తప్పించుకున్నాను. పోర్టు లోపలే ట్రైలర్ తిప్పాను. ఈ మంగళవారం మాత్రం తప్పలేదు... కొండ అవతల తుమ్రైత్‌లో మన కంపెనీ బండి ఒకటి చెడిపోయింది. దాని లోడు నేను తేవాలి. బండి చూడ్డానికి మెకానిక్ రోడెల్‌ను నా పక్కన ఎక్కించారు. ఫిలిప్పీన్స్ మనిషి, నువ్వు పోయాక చేరాడు.

పొద్దున కొండ ఎక్కుతుంటే అతను ఫోన్‌లో పాట పెట్టాడు. ఏదో అమెరికా బ్యాండట. గిటార్లు, డ్రమ్ములు దడదడలాడాయి. ఆపమందామనుకున్నాను. అంతలో అవి తగ్గి ఒక్క ఫిడేలు మిగిలింది. ఒకాయన కథ చెప్తున్నట్టు పాడుతుంటే వెనక ఒకామె అందుకుంటోంది. అన్నా, అచ్చం మన ఒగ్గు కథలో వంత పాడినట్టే! రాక్, కంట్రీ, పల్లెపాట... మూడూ కలిస్తే అమెరికానా అంటారని రోడెల్ హిందీలో చెప్పాడు.

పాట దేని గురించని అడిగాను. బొగ్గుబాయిలో స్నేహితుడు చనిపోతే, అసలేం జరిగిందో అతని భార్యకు చెప్పే మనిషి గురించట.

రోడెల్‌కు నా సంగతి ఎవరైనా చెప్పారా? ఎవరు చెప్తారు... ఎవరికి తెలుసు?

మధ్యాహ్నం లోడుతో తిరిగొస్తున్నాం. దిగుడు మొదలయ్యేసరికి మంచు అద్దానికి అంటుకుంది. పది అడుగుల ముందు ఏముందో కనబడదు. రోడెల్ మళ్లీ పాట పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను. నువ్వెప్పుడూ అనే మాట గుర్తొచ్చింది.

“దిగుడుకాడ పాట బంద్ చెయ్యిరా శీనూ. బండి ఏమంటున్నదో ఇను.”

నువ్వన్నట్టే విన్నాను. కింద నుంచి సన్నగా బుస్సుమని చప్పుడు. బ్రేకుల గాలి కారుతోంది! గాలి మీటర్ ముల్లు పడిపోతోంది. తొక్కితే బ్రేకు సగమే పట్టింది. అప్పుడే మంచులో రెండు ఎర్ర లైట్లు కనిపించాయి. గేరు తగ్గించి, బండిని కొండ వైపు మట్టిలోకి తిప్పాను. రాళ్లను గీసుకుంటూ, గీసుకుంటూ... ఆగింది. ఆ లైట్లకు బారెడు దూరంలో. ఒక కారు. వెనక సీట్లోంచి ఇద్దరు పిల్లలు మమ్మల్నే చూస్తున్నారు.

రోడెల్ దిగి శిలువ గుర్తు వేసుకున్నాడు. నువ్వు బండితో సహా లోయలో పడిన మలుపు ఆ పక్కనే.

ఆ రోజు డ్యూటీ నాది. జ్వరమన్నాను. “నువ్ పండుకోరా, నేను పోయొస్త” అని తాళాలు తీసుకున్నావు. నాకు జ్వరం లేదన్నా. మంచుకు భయపడ్డాను. నీకు తెలిసే వెళ్లావా?

నిన్న శుక్రవారం సెలవు. ఆ బ్యాండు పాటలన్నీ రోడెల్‌తో నా ఫోన్‌లో వేయించుకున్నాను. మాటలు సగం అర్థం కాకపోయినా ఆ ఒక్క పాటనే రూమ్‌లో నాలుగుసార్లు విన్నాను. తర్వాత మీ ఇంటికి, లక్ష్మి వదినకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను... జ్వరం సంగతి కూడా.

వదిన ఏడవలేదు. తిట్టలేదు. ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

డిసెంబర్‌లో లీవు దొరుకుతుంది. మా ఇంటికంటే ముందు మీ ఇంటికే వెళ్తాను. వదిన ఎదురుగా నిలబడి మళ్లీ చెప్తాను. ఆమె ఏమన్నా వింటాను. ఈసారి తప్పించుకోనన్నా.

నీ శీను