పంతులమ్మకు తగిలిన చెంపదెబ్బ

శ్రీవారికి,

యోవ్కా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ అత్తయ్యా ప్రాణాలతో ఉన్నాం. సుల్తాను సిపాయిలు వచ్చిపోయిన ఊళ్లో అంతకు మించిన క్షేమం ఎవరికీ లేదు. మీరు డాన్యూబ్ నది దాటి, సుల్తాను చెయ్యి అందని బ్రయిలా పట్నం చేరారని మీ ఉత్తరం వల్ల తెలిశాక గుండె కుదుటపడింది.

అత్తయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది. కోసే మనుషుల్లేక గులాబీలు చేలోనే రాలిపోయాయి. పంతులమ్మ దోన్కా ఎలా ఉందని రెండో వాక్యంలోనే అడిగారు. నన్ను అడగడానికి మాత్రం కాగితం చివరిదాకా ఆగారు.

మీరంతా సుల్తాను మీద తిరగబడబోతున్నారని ఆమెకు ముందే తెలుసు. నాతో ఉన్ని అమ్మడానికి వెళ్తున్నానన్నారు. నా పెళ్లినాటి ఆకుపచ్చ పట్టును పురుగు కొట్టిందని చెప్పి తీసుకెళ్లి, జెండా కుట్టమని ఆమె చేతిలో పెట్టారు. ఐదు వందల ఏళ్ల పరాయి ఏలుబడి తర్వాత మన జెండా ఎగిరిందని ఊరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నా పట్టును చూసి.

మీరు ఓడిపోయి కొండలెక్కాక, జెండా కుట్టినదెవరో పట్టుకోవాలని సిపాయిలు ఇల్లిల్లూ గాలించారు. మొన్న గురువారం మధ్యాహ్నం దోన్కా మన పెరటి తలుపు తోసుకుని వచ్చింది.

"అక్కా, నువ్వే దిక్కు."

వీధి గుమ్మంలో బూట్ల చప్పుడు. ఒక్క మాట అంటే చాలు, నా పీడ వదిలేది. అనలేదు. నా తలగుడ్డ ఆమెకు చుట్టి పిండి తొట్టి ముందు కూర్చోబెట్టాను.

"ఇదెవరే?" అన్నాడు హవల్దారు.

"మా ఆడపడుచు. తిండికి తప్ప దేనికీ పనికిరాదు!" అంటూ ఆమె చెంప ఛెళ్లుమనిపించాను.

"మా కోడలి చెయ్యి అంతే బాబూ, రోజూ ఇదే గోల" అంది అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచి.

వాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మీ దగ్గర దాచలేను. ఆ దెబ్బ నటన కాదు. ఇన్నాళ్ల నా కడుపుమంటంతా అందులో ఉంది. అది ఆమెకూ తెలిసిపోయింది. చెంప రుద్దుకుంటూ, "సిపాయిలు అడిగితే నీకేమీ తెలియదని నువ్వు నిజంగా ఒట్టెయ్యగలగాలనే ఆయన నీకు చెప్పలేదక్కా" అంది. చూశారా, ఆ మాట కూడా ఆమెకే చెప్పారు!

ఈ ఉత్తరం తెస్తున్నది ఆమే. ఆమెను ఉన్ని బళ్లలో దాచి పంపుతున్నాను. కడుపునిండా రొట్టె పెట్టి, వేరే ఇంట్లో బస చూడండి. అత్తయ్యను తీసుకుని వెనకాలే నేనూ వస్తున్నాను. ఇకమీదట ఏం తలపెట్టినా ముందు నాకు చెప్పండి. పట్టుబడితే ఇద్దరం పట్టుబడదాం.

ఇట్లు,
ఇంకా కోపం తీరని మీ ఇల్లాలు
యోవ్కా