మూడో రాయి యాడ?

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు చౌడేశ్వరికి అన్న ఓబిలేష్ దీవించి రాసేది. ఇక్కడ మనుషులం, గొర్రెలం అందరం బాగానే ఉన్నాం. వాన మాత్రం ఉరవకొండ దాకా వచ్చి, మన ఊరు ఎవరిదో అన్నట్టు వెనక్కు తిరిగిపోయింది. హుబ్బళ్ళిలో నువ్వు, బావ, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పోయిన జాబులో రెండు అడిగావు. మారెక్క వదిన మోకాలు ఎలా ఉందని ఒకటి. నొప్పి ఉంది, ఆమే దాన్ని లెక్కచేయడం లేదు. నేను పంపిన పంటల బీమా కాగితానికి నువ్వు రిజిస్టర్ ఆఫీసుకు ఎందుకు రావాలని రెండోది. దానికి జవాబు చివర రాస్తాను. ముందు వదిన సంగతి విను.

పెద్దన్న పోయాక నాయన పొలం ఇక ఉమ్మడిగా వద్దని వదినే నన్ను వకీలు దగ్గరకు తీసుకుపోయింది.

"అందరూ ఒప్పుకుంటే భాగాలు రాసుకుని రిజిస్టర్ చేయించుకోండి. లేదంటే ఒకరి భాగం ఇంకొకరు కొనుక్కోవచ్చు, మొత్తం అమ్మి పంచుకోవచ్చు. ఏదీ కుదరకుంటే కోర్టులో దావా ఉండాది" అన్నాడాయన.

"దావా ఎన్నేండ్లు పడతాది సామీ?" అంది వదిన.

"చెప్పలేనమ్మా."

"అన్నేండ్లు ఆ మెట్లెక్కేకి నా మోకాలు రాదు. మేమే పంచుకుంటాం."

వకీలు నవ్వాడు. నాకైతే గర్వంగా అనిపించింది.

మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. భాగానికొక రాయి నిలబెట్టి బొట్టు పెట్టాలి. అందరికంటే చిన్నవాళ్ళు మొదట కోరుకోవాలి, హద్దులు గీసినవాళ్ళకు చివర మిగిలిందే. నేను గీశాను. రెండు రాళ్ళు పెట్టాను.

వదిన వచ్చి చూసింది. "మూడో రాయి యాడ?"

"చౌడేశ్వరి వదులుకుంటాది వదినా."

"ఆయమ్మి చెప్పిందా?"

వదిన కుంటుకుంటూ గుట్ట దాకా పోయి రాయి నెత్తిన పెట్టుకుని వచ్చింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. నా గీతలు చెరిపి, పొలాన్ని నిలువునా మూడు పట్టీలు చేసింది. అందరికీ పైన గరుసు నేల, కింద నల్ల నేల వచ్చేలా చూసింది. "ఇప్పుడు గీసింది నేను. కడాకు మిగిలిందే నాది" అంది. అలాంటి మనిషి మన ఇంటికి కోడలుగా రావడం మన అదృష్టం చెల్లీ.

ఇక నీ రెండో ప్రశ్న. ఆ కాగితం బీమాది కాదు. నీ భాగాన్ని మాకు వదిలేస్తున్నట్టు, వదినకు తెలియకుండా నేను రాయించిన హక్కు విడుదల పత్రం. నా మాట మీద నమ్మకంతో చదవకుండా సంతకం పెడతావని అనుకున్నాను. ఫోన్లో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. మూడో రాయి నిలబెట్టాక వదిన దగ్గర ఒప్పుకున్నాను, ఆమె కూడా నీకు చెప్పలేదు. "నువ్వే రాయల్ల. నీ చేత్తోనే రాయల్ల" అంది.

సంతకం పెట్టి ఉన్నా సరే దాన్ని చింపెయ్యి. వచ్చే గురువారం రా, మూడు భాగాలూ రిజిస్టర్ చేయిద్దాం. బోరు నడిమి పట్టీలో పడింది. ఆరేళ్ళుగా ఆ నీళ్ళు నేనొక్కడినే పారించుకున్నాను. మొదట కోరుకునేది నువ్వే కాబట్టి అదే కోరుకో. నా మీద జాలిపడి దాన్ని వదిలేయకు. నీ తరువాత కోరుకునేది నేను, నా మీద నాకే నమ్మకం లేదు.

ఇట్లు,
నీ తిట్లకు కాచుకుని ఉన్న అన్న,
ఓబిలేష్