గోళ్ళరంగు చుక్క

ఏమండీ,

కంప్యూటర్ ఆన్ చేయకండి, మళ్ళీ కాలిన వాసన వస్తోంది. కంపెనీ వాళ్ళు కొత్తదని పంపిన పవర్ సప్లై డబ్బా మీద, పాతదాన్ని ఇచ్చేముందు గుర్తుకని నేను పెట్టిన గోళ్ళరంగు చుక్క అలాగే ఉంది. దుమ్ము దులిపి అదే మన మొహాన కొట్టారు!

మధ్యాహ్నం కస్టమర్ కేర్ వాళ్ళు ఫోన్ చేస్తారు. ‘ఆపి, మళ్ళీ ఆన్ చేసి చూడండి’ అంటే ఒప్పుకోకండి. ఆ చుక్క ఫొటో పంపి, వేరేది ఇచ్చేదాకా వదలకండి. పోయినసారి మీరు మొహమాటానికి ‘పర్వాలేదండీ’ అన్నందుకే సమస్య తీరిపోయిందని రాసుకుని ఫిర్యాదు మూసేశారు. అమ్మాయి ప్రాజెక్టంతా ఆ కంప్యూటర్లోనే ఉంది, రేపే ఇవ్వాలి. ఏడుస్తూనే కాలేజీకి వెళ్ళింది.

భోజనం మూతపెట్టి డ్యూటీకి వెళ్తున్నాను.

ఇంకోమాట. నిన్న నా మీద లేచిన గొంతు ఉంది చూశారూ, దాన్ని ఇవాళ ఒక్కసారి వాళ్ళ మీద లేవనివ్వండి.